పొగపెట్టెను కొనుటకు ముందు

మృగశిరకార్తెకు ముషీరాబాదు చేపలబజారునుండి కొర్రమీను తెచ్చుకొను తార్నాక సోదరీమణులకు పొగరుచి క్రొత్తది కాదు. కూరనడుమ చిన్నగిన్నెలో నిప్పుకణిక నుంచి, నేతిచుక్క వైచి, మూతపెట్టు ధుంగారు హైదరాబాదు వంటలలో నున్నదే. అదే రుచికై విద్యుత్తుతో నడచు పొగపెట్టెను, అనగా ఎలక్ట్రిక్ స్మోకరును, కొనదలచినవారు మూడు సంగతులు చూడవలెను.

మొదటిది విద్యుత్తు. మనయిండ్లకు వచ్చునది 230 వోల్టులు, అమెరికాలో 120. అచ్చటనుండి బంధువులు తెచ్చిన పెట్టెను నేరుగా తగిలించిన కాలిపోవచ్చును. రెండవది, వేడిని 110 సెంటిగ్రేడు డిగ్రీల దాపున నిలుకడగా నుంచు థర్మోస్టాటు. మూడవది, మాంసమున గ్రుచ్చి చూచు ఉష్ణమాపకము. కోడిమాంసము లోపల 74 డిగ్రీలకు చేరినగాని తినరాదు.

ఈ మూడును కుదిరినను చోటు కుదరవలెను. పెట్టె విద్యుత్తుదైనను పొగ కట్టెముక్కలదే. అందు వాసనలేని విషవాయువగు కార్బన్ మోనాక్సైడు కలదు. కావున ఆరుబయటకై చేసిన పెట్టెను వంటింటగాని, మూసిన బాల్కనీలోగాని వాడరాదు. ఆరుబయట చోటులేని ఫ్లాటువారికి మేము చెప్పునది యొకటే: సొమ్ము మిగుల్చుకొనుడు, కిటికీలు తెఱచి, ధుంగారే వేసికొనుడు.