పుచ్చని బొంగు రైతుకు బలం

టమాటకు ఊతం, బీర, కాకర పందిళ్లకు కాళ్లు, పట్టుపురుగులకు చంద్రికలు, ఇంట్లో గంప, చాట, గుమ్మి. నల్లగొండ, మహబూబ్‌నగర్ సేద్యంలో వెదురుతో పడని పని తక్కువ. కానీ పదును చేయకుండా నేలలో పాతిన బొంగు ఒకటి నుంచి మూడేళ్లకు మించి నిలవదు. పెట్టుబడి మళ్లీ మొదటికే వస్తుంది.

పుచ్చుకు మూలం వెదురులోని పిండిపదార్థం. పురుగు దానికోసమే తొలుస్తుంది. ఆ పిండిని తగ్గించడమే మన పెద్దల పద్ధతుల్లోని కీలకం. లేత బొంగు ముట్టకుండా మూడేళ్లు ముదిరిందే కోయాలి. వేసవిలో కాకుండా వానలు వెనక్కి తగ్గాక, కార్తీక, మార్గశిరాల్లో కోయాలి. అమావాస్య ముందు కోయాలనే మాట కూడా ఉంది. వెన్నెల సంగతి ఎలా ఉన్నా, అదను తప్పితే పురుగు తప్పదు.

కోసిన బొంగును ఆకులతోనే కొన్నాళ్లు రాతిమీద నిలబెట్టాలి. తర్వాత రాళ్ల బరువుతో నాలుగు వారాలు చెరువులో పూర్తిగా ముంచాలి. తొట్టిలోనైతే నీళ్లు మారుస్తుండాలి. ఆపై నీడలో ఆరబెట్టాలి. గంపలకు పొయ్యి పొగ, గుమ్మికి పేడమట్టి పూత కాపలా.

ఇవి పురుగును అడ్డుకుంటాయి గానీ నేలతడినీ, చెదనూ పూర్తిగా ఆపవు. అందుకే పందిరి కాలును మట్టిలో పాతకుండా రాతి కడీకి కట్టాలి. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు ఎక్కువ కాలం నిలుపుతుంది నిజమే. అయితే ఫ్లోరైడ్‌తో ఇప్పటికే నలిగిన నేలలో, కూరగాయల పందిరి కింద ఆ విషం మనకొద్దు.

మన చెరువులు ఎండలు ముదిరితే అడుగంటుతాయి. కాబట్టి ఇది ఊరంతా కలిసి అదనులో చేయాల్సిన పని. ఉపాధి పనుల్లో ఊరికొక నానబెట్టే తొట్టి కట్టాలని, మేదరి పనివారికి గౌరవ వేతనమిచ్చి వారిచేతే శిక్షణ ఇప్పించాలని కోరుతున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. అమ్రాబాద్ చెంచులకు ఆ హక్కు కాగితం దాటి చేతికందాలి. అడవి బయటి వెదురును 2017లోనే అటవీ చట్టంలోని 'చెట్టు' నిర్వచనం నుంచి తీసేశారు. గట్టుమీద పెంచుకున్న రైతును ఇంకా అనుమతుల పేరుతో తిప్పడం తగదు.

ఈ కార్తీకానికి ప్రతి గ్రామ కమిటీ పది బొంగులైనా నానబెట్టి చూడాలి. ఏడాది తర్వాత పక్కపక్కన పెట్టి పోల్చుకుందాం.