బయటి పార్టు వేస్తే బీమా పోతుందా?

మాణికేశ్వర్ నగర్‌లో మా పక్కింటి అన్న ఆరేళ్ల నాటి పెట్రోలు కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అంతకుముందు ఓనరు దానికి సీఎన్‌జీ కిట్ పెట్టించి ఉన్నాడు. గ్యాస్ బండి, ఖర్చు తక్కువని అన్న మురిసిపోయాడు. పోయినేడాది తార్నాక సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి ఓ ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. గుద్దినోడు ఆగలేదు. బంపర్ ఊడింది, డిక్కీ లోపలికి పోయింది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి అన్న ధైర్యంగానే ఉన్నాడు. సర్వేయర్ వచ్చి డిక్కీ తెరిపించాడు, సిలిండర్ ఫొటోలు తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. పది రోజులకు క్లెయిమ్ ఇవ్వలేమని ఉత్తరం వచ్చింది.

ఆ రాత్రి అన్న కాగితాలన్నీ పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

“పోయిన్నెల హెడ్‌లైటు బయట షాపుల ఏయించిన తమ్మీ. కంపెనీది కాదు. గందుకే కొట్టేసిన్రా?”

అందుకు కాదు. కానీ ఈ భయం అన్న ఒక్కడిదే కాదు, చాలామందిది. అసలు భయపడాల్సింది వేరే దానికి.

పాడైన పార్టు తీసేసి అదే సైజు, అదే పని చేసే పార్టు వేస్తే అది రిపేరు. మామూలు కారు పాలసీలో కంపెనీ పార్టే వేయాలన్న షరతు ఉండదు. బండిని మంచి కండిషన్‌లో ఉంచుకోవాలన్న షరతు మాత్రం ఉంటుంది. అందుకే బ్రేకుల్లాంటి వాటి దగ్గర నాసిరకం జోలికి పోవద్దు. బిల్లు పారేయొద్దు.

మరి క్లెయిమ్‌లో డబ్బులు కోస్తారు కదా అంటారా? అది చాలాసార్లు తరుగుదల లెక్క. ప్లాస్టిక్, రబ్బరు పార్టులకు, బ్యాటరీకి, టైర్లకు 50 శాతం కోత. ఇనుప పార్టులకు బండి వయసును బట్టి కోత: ఐదేళ్లు దాటి పదేళ్లలోపు బండైతే 40 శాతం. అద్దాలకు కోత లేదు. అంటే ఆరేళ్ల బండికి 6,000 బంపర్ వేస్తే 3,000 వస్తుంది, 10,000 డిక్కీ డోరు వేస్తే 6,000 వస్తుంది. దీనిమీద చిన్న కారుకు ఇంకో 1,000 మనమే పెట్టుకోవాలి. పార్టు ఒరిజినలైనా ఈ లెక్క మారదు. జీరో డిప్రిసియేషన్ కవర్ తీసుకుంటే తరుగుదల కోత ఉండదు గానీ, దాన్ని ఎక్కువగా కొత్త బండ్లకే ఇస్తారు.

ఇక రెండోది, మార్పు. ఆర్సీలో రాసున్న దానికీ, రోడ్డు మీదున్న బండికీ తేడా వచ్చిందంటే అది మార్పే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దీని గురించే. కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. సీఎన్‌జీ కిట్‌కు చట్టంలో దారి ఉంది. ఆమోదం ఉన్న కిట్ పెట్టించుకుని, ఆర్టీఏ ఆఫీసులో చెప్పి ఆర్సీలో ఎక్కించుకోవాలి.

అన్న ఆర్సీ చూశాను. ఇంధనం: పెట్రోలు. పాలసీ షెడ్యూల్ చూశాను. బండి విలువ పక్కన ఎలక్ట్రికల్ ఫిట్టింగులకు ఒక గడి, మిగతా ఫిట్టింగులకు ఒక గడి, సీఎన్‌జీ కిట్‌కు ఒక గడి ఉన్నాయి. మూడూ ఖాళీ. ఏజెంటు అడగలేదు, అన్న చెప్పలేదు. మోటార్ టారిఫ్ ప్రకారం కిట్ విలువలో 4 శాతం, థర్డ్ పార్టీ కింద 60 రూపాయలు కడితే సరిపోయేది. 30,000 కిట్‌కు 1,260, జీఎస్టీ అదనం. మ్యూజిక్ సిస్టమ్, అలాయ్ వీల్స్ లాంటివి బయట వేయించుకున్నా అంతే. షెడ్యూల్‌లో రాయిస్తేనే వాటికి కవర్.

అయినా ఆగి ఉన్న బండిని వెనక నుంచి గుద్దితే అందులో కిట్ తప్పేముంది? అదే రాశాం. సొంత కారును అద్దెకు తిప్పిన ఒక కేసులో, 2010లో, షరతు తప్పారని క్లెయిమ్ మొత్తం కొట్టేయడం సరికాదని సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి వాటికి 75 శాతం దాకా ఇచ్చే ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతి ఉందని గుర్తు చేసింది. ఆ తీర్పు జత చేసి కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి ఉత్తరం పంపాం. మూడు వారాలకు దిగొచ్చారు. కోతలన్నీ పోగా రావాల్సిన 28,000లో 75 శాతం, అంటే 21,000 ఇచ్చారు. 1,260 దగ్గర చూసుకోనందుకు 7,000 పోయింది. అదే ఆ కిట్ వల్లే మంటలు లేచి ఉంటే ఇలా వాదించడానికి నోరుండేది కాదు.

నెల రోజుల్లో కంపెనీ జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. హైదరాబాద్ ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నారా? డబ్బిచ్చే ముందు ఆర్సీ చేతిలో పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరగండి. రంగు, ఇంజిన్ నంబరు, ఇంధనం కలుస్తున్నాయా చూడండి. డిక్కీ కూడా తెరవండి. తేడా ఉంటే అమ్మేవాడితోనే సరిచేయించండి. తర్వాత పాలసీ మీ పేరు మీదకు మార్చుకునేటప్పుడు బండికి అదనంగా ఉన్నవన్నీ రాసి ఈమెయిల్ పెట్టండి. నోటిమాట ఏ సర్వేయరూ వినడు.

అన్న సిలిండర్ పరీక్ష చేయించాడు, ఆర్సీలో సీఎన్‌జీ ఎక్కించాడు, పాలసీలో ఆ గడి నింపించాడు. హెడ్‌లైటు మాత్రం అదే బయటిది. “దాన్ని మార్చాల్నా తమ్మీ?” అని మళ్లీ అడిగాడు.

వెలుగు సరిగ్గా పడుతుంటే అక్కర్లేదన్నాను.