ప్రాణానికి పరిధి ఉంటుందా?

2023 ఫిబ్రవరిలో బుద్వేల్ దగ్గర ఆరాంఘర్ చౌరస్తాలో ఒక మనిషి గుండెపోటుతో కుప్పకూలాడు. డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ రాజశేఖర్ ఛాతీమీద ఒత్తి ఒత్తి అతని ప్రాణం నిలిపాడు. నీది ఏ స్టేషన్ పరిధి అని అడగలేదు. నేనూ మనసారా మెచ్చుకున్నాను.

అదే రోడ్డు మీద ముందుకి పోతే శంషాబాద్. స్త్రీలపై హింస గురించి పరిశోధించే నాకు అక్కడ ఇంకో రాత్రి గుర్తొస్తుంది. 2019 నవంబర్ 27న తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. వెతకమని వెళ్ళిన కుటుంబాన్ని, మా పరిధి కాదంటూ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి తిప్పారు. ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుందన్నారని కూడా ఇంటివాళ్ళు చెప్పారు. ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు.

అప్పటికి ఆమె బతికుందా అని వాదించేవాళ్ళున్నారు. ఆ సంగతి ఆ రాత్రి పోలీసులకి తెలియదు కదా! తెలిసిందల్లా ఆడపిల్ల ఇల్లు చేరలేదనే. అది అత్యవసరం కాదా?

డిసెంబర్ 6న నలుగురు నిందితుల్ని ఎన్‌కౌంటర్ చేస్తే జనం పూలు చల్లారు. చంపాలనే కాల్చారని సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటపెట్టింది. వెతకడానికి పరిధి అడ్డొచ్చిన వ్యవస్థకి చంపడానికి చట్టం కూడా అడ్డు రాలేదు!

పరిధి చూడకుండా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్తోంది. నంబరు వేసి కాగితం పంపేస్తే చాలదు, వెంటనే వెతకాలి. గుండె ఆగితే ఏం చెయ్యాలో నేర్పినట్టే ఇదీ ప్రతి స్టేషన్‌కీ నేర్పాలి. ఒక కానిస్టేబుల్ మంచితనం మీద మన ప్రాణాలెందుకు ఆధారపడాలి? హక్కుగా అడుగుదాం.