కుండ దించినంకనే ఉపన్యాసం



పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. పీజీ రెండో సంవత్సరం. "అన్నా, రూముల నలుగురం ఉన్నం. నెలాఖరు. పెద్దకూర తినాలనుంది, వండుడు ఎవ్వరికీ రాదు. ఎట్ల చేయాలె?" అన్నడు. తిండి హక్కు మీద గంటసేపు మాట్లాడే పిలగాడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గయింది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాల బీఫ్ ఫెస్టివల్ జరిగిననాటి నుంచి ఎన్ని మీటింగులల్ల ఆ ముచ్చట మాట్లాడిన్నో లెక్కలేదు. ఇంట్ల పొయ్యి ముందు కూసున్నది మాత్రం ఎప్పుడూ మా అమ్మనే. నేను నేర్చుకున్నది చానా ఆలస్యంగ.

అందుకే ఇయ్యాల ముందు వంట, తర్వాత వాదన.

నలుగురికి రెండు పూటలకు అరకిలో మాంసం, అరకిలో బొక్కలు చాలు. మెత్తటి ముక్క అడుగకండి. పిక్క, మెడ అడుగండి. మూలుగ ఉన్న బొక్క కొట్టించుకోండి. కిలో మటన్ పైసలకు ఇవి రెండు కిలోలు దాటి వస్తయ్. చిన్న కొవ్వు ముక్క కూడా ఏయించుకోండి. గిన్నెల ముందు దాన్నే కరిగిస్తే నూనె ఖర్చు తప్పుతది. అండ్ల ఉల్లిగడ్డలు, అల్లంవెల్లుల్లి, పసుపు, ఉప్పు, కారం, తర్వాత మాంసం, బొక్కలు. ఊరిన నీళ్లు ఇగిరిపోయేదాక వేయించి, మునిగేటట్టు నీళ్లు పోయండి. కుక్కరైతే మొదటి విజిల్ తర్వాత సన్నమంట మీద ముప్పావుగంట. గిన్నెలనైతే మూడు గంటలు. ముక్క ఉడికినంక నానబెట్టిన శనగపప్పు రెండు పిడికిళ్లు, సొరకాయ ముక్కలు వేసి మళ్ల ఉడకనియ్యండి. గోంగూర ఆఖరుకే. ముందే వేస్తే పులుపుకు పప్పు ఉడకదు.

తొందరపడకండి. నడిచి నడిచి, బరువు గుంజి గట్టిపడ్డ కండ అది. సన్నమంట మీద ఓపిక పడితే అండ్ల ఉన్న పొరలు కరిగి రసం చిక్కబడుతది.

ఇగ వాదన. మన దోస్తులే కొందరు మనకు మద్దతుగ ఒక మాట అంటుంటరు: "పాపం, చౌకగా దొరికే ప్రొటీన్ కదా, తిననీయండి." చౌక అన్నది నిజమే. ఆ చౌకతోటే మనం బతికినం. కానీ "పాపం" దగ్గరనే నాకు పేచీ. నాలుగు పైసలు వస్తే మానేస్తరన్నట్టు ఉంటది ఆ మాట. ఉద్యోగమొచ్చి పదేండ్లయినా నేను తింటున్న, ఎందుకంటే నాకు ఇష్టం. ఫ్రిజ్జు లేని కాలంల ఉప్పు, పసుపు పట్టించి తునకలు ఎండబెట్టి, వానకాలానికి దాచిన మా అమ్మమ్మది పేదరికం ఒక్కటే కాదు, పనితనం కూడా.

1948ల అచ్చయిన 'ద అన్‌టచబుల్స్' పుస్తకంల బాబాసాహెబ్ అంటరానితనం మూలాలు వెతుక్కుంట ఈ తిండి దగ్గరికే వచ్చిండు. ఉమ్మడి రాష్ట్రంల 1977ల వచ్చిన చట్టం ఆవును, దూడను కోయొద్దంటది. పనికిరాని ఎద్దును, బర్రెను సర్టిఫికెట్ మీద కోయొచ్చంటది. మనం ఎక్కువగ తినేది బర్రె, దున్న మాంసమే. అయినా నల్ల కవర్ల దాచి తెచ్చుకుంటం, ఓనర్ ఊరికి పోయిననాడు వండుకుంటం. చట్టం కాదన్నందుకు కాదు, రూము పోతదని.

ఆ భయం ఒక్కనాటి పండుగతోని పోదు. రోజు వారీగ వండుకుంటేనే అది మామూలు తిండి అయితది. ఆ వండే చేతులు ఎవరివి? మైకు మగోళ్లకు, బొక్కలు కడిగే పని అమ్మలకు, అక్కలకు అయితే మనం కూడా ఒక మెట్టు కట్టుకున్నట్టే. అమ్మ చేతి వంట మీద కవిత రాసే ముందు ఆ వంట నేర్చుకోవాలె. అమ్మకు ఫోన్ చేసి కొలతలు అడిగి రాసుకోండి. పెద్దోళ్లతోపాటే పోతున్నయ్ ఆ కొలతలు.

రాత్రి పదింటికి తమ్ముడు మళ్ల చేసిండు. "ఉప్పు ఎక్కువైందన్నా. మూలుగ మాత్రం మస్తుంది. పక్క రూమోళ్లు కూడా వచ్చిండ్రు."

"గిన్నెలు ఎవరు తోమిండ్రు?" అన్న.

"నేనే."

ఇగ ఉపన్యాసం ఇవ్వొచ్చు తమ్మీ.

వచ్చే వారం: హాస్టల్ మెస్ మెనూ ఎవరు రాస్తరు? జై భీమ్.