మంత్రసాని మాట వ్రాయరాదా?

చదువెఱుగని మంత్రసాని చెప్పిన మాటలు వ్రాసికొనుట మూఢత్వమునకు పీట వేయుటయే యని విద్యావంతులు కొందఱు వాదింతురు. ఈ వాదము మాకు సమ్మతము గాదు.

అనంతపురపు సీమ నానుకొనియున్న పావగడ కఱవునేలలో, తెలుగు మాతృభాషగాగల సూలగిత్తి నరసమ్మగారు 70 ఏండ్లపాటు పైస పుచ్చుకొనక 15,000కు మించిన పురుళ్లు పోసిరి. సూలగిత్తి యనగా కన్నడమున మంత్రసానియే. బడి యెఱుగని యామె అవ్వ చెంతనే యీ విద్య నేర్చిరి. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు నొసగెను. 2018లో పద్మశ్రీ వచ్చెను. ఆ యేడే డిసెంబరు 25న ఆమె కన్నుమూసిరి. బిరుదులు మనిషిని గౌరవించును గాని విద్యను నిలుపజాలవు.

2001లో మన ప్రభుత్వము నెలకొల్పిన సంప్రదాయ విజ్ఞాన భాండాగారము పరదేశపు పేటెంట్ల బారినుండి మన మందులను కాపాడుచున్నది. కాని యది గ్రంథముల నాధారముగా గొని కట్టబడినది. నోటనే నిలిచిన విద్యకు ఆ రక్ష యెక్కడిది?

అందు మూఢనమ్మకము లుండవా? ఉండవచ్చును. వ్రాయనిదే తప్పొప్పులు తేల్చుట యెట్లు? ఆకు పేరు, మోతాదు, కుదిరిన రోగము, కుదురని రోగము అన్నియు వారి మాటలలోనే, వారి యనుమతితో, వారి పేరిటనే వ్రాయవలెను. వ్రాయుట నమ్ముట గాదు; కాన్పు కష్టమైనచో ఆసుపత్రికే పోవలెను.

చదువరులారా! కఱవు తీఱి చేను మరల పండవచ్చును; అవ్వతో పోయిన మాట మరల మొలవదు. మీ యూరి మంత్రసాని చెంత నేడే కూర్చుండుడు.