చప్పుడు పెరిగితే బలం పెరుగుతుందా?

నారాయణఖేడ్ బజారులో సైలెన్సరు మార్చిన మోటారు సైకిలు వెళితే నాలుగు వీధులకు తెలుస్తుంది. ఇంటిదగ్గరే వేరే గొట్టం బిగించి, బండికి బలం వచ్చిందని మురిసిపోతారు కొందరు అన్నయ్యలు. నాకీ మురిపెం నచ్చదు.

1985లో మన దేశంలో వచ్చిన యమహా ఆర్.ఎక్స్.100నే చూడండి. అది టూ స్ట్రోక్ ఇంజను. పొగ పోయే ద్వారం మూసుకోకముందే కొత్త పెట్రోలు మిశ్రమం సిలిండరులోకి వస్తుంది. కొంత బయటికి జారిపోతుంది కూడా! గొట్టం మధ్యలో ఉబ్బి, చివర సన్నబడేది అందం కోసం కాదు. ఆ సన్నని భాగానికి తగిలి తిరిగివచ్చే పీడన తరంగం, జారిపోతున్న మిశ్రమాన్ని వెనక్కు నెడుతుంది. గొట్టం కోస్తే ఆ సాయం పోతుంది, చప్పుడు మిగులుతుంది. పది డెసిబెల్లు పెరిగితే ధ్వని తీవ్రత పదిరెట్లు!

అన్నయ్య చేయి ఊరుకోకపోతే స్పార్కు ప్లగ్గుకు పట్టిన మసి తుడవమనండి. బండి చక్కగా అందుకుంటుంది, పక్కింటి పాప నిద్రా చెడదు.