కనిపించే కెమెరాయే కాపలా కాస్తుంది

తెలంగాణ రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి,



మా కాలనీలో సీసీ కెమెరాలు పెట్టించింది మీ శాఖే. ‘నేను సైతం’ పథకం కింద స్టేషన్ వాళ్లు వచ్చి సమావేశం పెట్టారు. ఒక్క కెమెరా వంద మంది పోలీసులతో సమానమని చెప్పారు. మేం ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేశాం. గేటు దగ్గరా, వీధి మలుపులోనూ, పార్కింగ్‌లోనూ కెమెరాలు వచ్చాయి. ఆ పని మంచిదేనని ఇప్పటికీ అంటాను. మెడలో గొలుసు తెంపుకుపోయిన బండి ఎటు వెళ్లిందో చూపించేది అవే.

ఈ లేఖ వేరే కెమెరాల గురించి. బల్బులా హోల్డర్‌లో బిగించేవి, గోడ గడియారంలోనూ ఫోన్ ఛార్జర్‌లోనూ ఇమిడిపోయేవి. ఆన్‌లైన్‌లో ఎవరు అడిగినా దొరుకుతున్నాయి. ‘ఇంటి భద్రత కోసం’ అనే చెప్పి అమ్ముతున్నారు. సంఘం పనుల్లో ఉన్నదాన్ని కాబట్టి వాటివల్ల వచ్చే తగువులు నా దాకా వస్తున్నాయి. నేను చూసినంతలో ఈ దాపుడు కెమెరాలు దొంగను ఆపింది లేదు. వాటికి చిక్కుతున్నది ఇంట్లో ఉండేవాళ్లూ, ఇంటికి పనికి వచ్చేవాళ్లూ.

దొంగ జంకేది తనను కెమెరా చూస్తోందని తెలిసినప్పుడే. 2019లో కొందరు నేరశాస్త్ర పరిశోధకులు నలభై ఏళ్లలో వచ్చిన సీసీటీవీ అధ్యయనాలన్నీ కలిపి పరిశీలిస్తే, కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గినట్టు తేలింది. ఆ ఫలితం అన్నిటికన్నా బలంగా కనిపించింది వాహనాల పార్కింగ్ స్థలాల్లో. గడియారంలో దాక్కున్న కెమెరాకు భయపెట్టే శక్తి ఎక్కడిది? పోనీ, దొంగతనం జరిగాక చూసుకోవడానికైనా పనికొస్తుందా అంటే అదీ అనుమానమే. సూది బెజ్జమంత కన్నం వెనక ఉన్న లెన్సుకు వెలుతురు చాలదు. రాత్రిపూట చాలావాటిలో నీడలు తప్ప ముఖాలు తెలియవు. మెమరీ కార్డు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కేస్తాయి. కోర్టులో చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలి. కెమెరాలో టైము సరిగ్గా ఉందో లేదో, కార్డు ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో చెప్పలేనివాళ్లు ఆ కాగితం మీద ఏ ధైర్యంతో సంతకం పెడతారు?

మా బ్లాకుల్లో ఇళ్లలో పనిచేసే ఒకావిడ ఉంది. పొద్దున్నే అంట్లు తోమి, బట్టలుతికి, తడిసిన చీర ఒక ఇంటి వాష్ ఏరియాలో మార్చుకుని తర్వాతి ఇంటికి వెళ్తుంది. అక్కడ కెమెరా ఉందని ఆమెకు ఇంటివాళ్లు చెప్పలేదు. ఆ ఇంటి పిల్లాడు నోరు జారితే తెలిసింది. అడిగితే, “నువ్వు తప్పు చేయనప్పుడు భయమెందుకు?” అన్నారట. ఆమె పని మానేసి మా ఇంటికొచ్చి ఒకటే అడిగింది: “ఆ ఫోన్‌లో నన్ను ఎవరెవరు చూశారమ్మా?” నా దగ్గర జవాబు లేదు. స్టేషన్‌కు వెళ్దామంటే వద్దంది. నాలుగిళ్ల వాళ్లకు తెలిస్తే ఉన్న పనీ పోతుందని ఆమె భయం. బట్టలు మార్చుకునే ఆడమనిషిని ఆమెకు తెలియకుండా చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరమవుతుంది. మొదటిసారికే ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు. ఈ సంగతి ఆ ఇంటి యజమానురాలికీ తెలియదు, ఈమెకూ తెలియదు.

ఇంట్లో కెమెరాలే వద్దని నేను అనడం లేదు. మా కాలనీలో పిల్లలు అమెరికాలో ఉండి, ఇక్కడ ఒంటరిగా ఉంటున్న తల్లిదండ్రులు చాలామంది. డాలస్‌లో ఉన్న కొడుకు అమ్మ మందులు వేసుకుందో లేదో కెమెరాలో చూసుకుంటే తప్పెలా అవుతుంది? హాల్లో అందరికీ కనిపించేలా పెట్టమనండి. తల్లిని అడిగి పెట్టమనండి. చూసుకోవడానికి వచ్చే ఆయాకు చేరిన రోజే చెప్పమనండి. కెమెరా ఉందని తెలిసిన ఆయా పెద్దావిడ మీద చెయ్యి ఎత్తడానికి వెనకాడుతుంది. తెలియని ఆయా కొట్టాక దొరుకుతుంది. కాపాడాల్సింది తల్లిని అయినప్పుడు ఈ రెండింటిలో ఏది మేలో వేరే చెప్పక్కర్లేదు.

అద్దె ఇళ్ల సంగతి ఇంకా భయం పుట్టిస్తోంది. 2024 సెప్టెంబరులో ఢిల్లీ షకర్‌పూర్‌లో సివిల్ సర్వీసెస్‌కు చదువుకుంటున్న ఒక అమ్మాయి గదిలో, బాత్రూంలో బల్బు హోల్డర్లలో కెమెరాలు దొరికాయి. పోలీసులు ఇంటి యజమాని కొడుకును అరెస్టు చేశారు. అశోక్‌నగర్‌లోనూ అమీర్‌పేటలోనూ హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న మన ఆడపిల్లలు ఎంతమందో మీకు తెలుసు.

దురుద్దేశం లేకపోయినా ముప్పు తప్పదు. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీటీవీ దృశ్యాలు బయటికొచ్చి, యూట్యూబ్, టెలిగ్రాం ద్వారా అమ్మకానికి చేరాయి. పెట్టినవాళ్లు భద్రత కోసమే పెట్టి ఉంటారు. కానీ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చని కెమెరా ఎవరి ఇంట్లో ఉన్నా దారిన పోయేవాడు లోపలికి చూడవచ్చు.

ఇళ్ల సంగతి పక్కన పెడితే, కార్లలో డ్యాష్‌క్యామ్‌లు పెరగడం నాకు సంతోషమే. అద్దానికి బిగించి రోడ్డు వైపు చూసే కెమెరా, ప్రమాదంలో తప్పెవరిదో తేల్చి అమాయకుణ్ణి కాపాడుతుంది. లోపలి వైపు తిరిగి, మాటలు కూడా రికార్డు చేసే కెమెరా ఉన్న క్యాబ్‌లో మాత్రం ఎక్కేవాళ్లకు తలుపు మీదే ఆ విషయం కనిపించాలి.

చట్టంలో ఒక పెద్ద ఖాళీ ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వ్యక్తులు సొంత అవసరాలకూ ఇంటి అవసరాలకూ వాడుకునే డేటాకు వర్తించదు. మా ఎదురింటాయన తలుపు మీది కెమెరా పక్కింటి పడకగది కిటికీని చూస్తున్నా ఆ చట్టం పలకదు. యూరప్‌లో ఇంటి కెమెరా వీధిని చూస్తే ఇంటి అవసరమన్న మినహాయింపు చెల్లదని అక్కడి న్యాయస్థానం 2014లోనే చెప్పింది. మనకు అలాంటి మాట పార్లమెంటు నుంచి ఎప్పుడొస్తుందో తెలియదు. అందాకా చేయదగిన పని మీ చేతుల్లోనే ఉంది.

కెమెరాలు పెట్టమని చెప్పడానికి మీరు పెట్టే సమావేశాల్లోనే, ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పించండి. పడకగది, స్నానాలగది, వాష్ ఏరియా, పనివాళ్లు పడుకునే గది అని పేరుపేరునా చెప్పాలి. కెమెరా ఉన్న ప్రతి గుమ్మం దగ్గరా తెలుగు, ఉర్దూ, హిందీల్లో బోర్డు ఉండాలనండి. పక్కింటి కెమెరా మీద ఫిర్యాదు వస్తే ‘సివిల్ తగాదా’ అని పంపేయకుండా, కానిస్టేబుల్ వెళ్లి యజమాని ఫోన్‌లో ఆ దృశ్యం చూసి రావాలి. పక్కవాళ్ల కిటికీ వచ్చే భాగాన్ని నల్లగా కప్పేసే ప్రైవసీ మాస్క్ సదుపాయం చాలా కెమెరాల్లో ఉంటుంది. దాన్ని ఆన్ చేయించడానికి అయిదు నిమిషాలు చాలు. ఇళ్లలో పనిచేసేవాళ్లు పేరు బయటికి రాకుండా చెప్పుకునే దారి షీ టీమ్స్ ద్వారా ఉండాలి. అలాంటి దారి ఉందని వాళ్ల బస్తీల్లోకి వెళ్లి చెప్పాలి. బల్బు, గడియారం రూపంలో కెమెరాలు అమ్మేవాళ్లు కొన్నవారి వివరాలు రాసి ఉంచేలా ప్రభుత్వానికి సిఫారసు చేయండి.

మీరు ఆ సూచనలు ఒక్క పేజీలో అచ్చువేసి పంపితే, చందాల కోసం ఎక్కిన మెట్లే మళ్లీ ఎక్కి ప్రతి ఇంట్లోనూ ఇచ్చి వస్తాం. ముందుగా పనిమనుషుల చేతికి ఇస్తాం.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి ఒక కాలనీ సంక్షేమ సంఘం సభ్యురాలు